సన్నటి జే కప్లింగ్: 1డీలో 0.96, కోజీలో 1.37 హెర్ట్జ్. ఏది నమ్మాలి?

పల్స్90

400 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్ స్పెక్ట్రోమీటర్, 5 మిల్లీమీటర్ల ట్యూబ్, డ్యుటీరో క్లోరోఫాం, 25 డిగ్రీలు. అణువులో రెండు ప్రోటాన్లు ఒకదానితో ఒకటి తప్ప మరి దేనితోనూ కప్లింగ్ లేకుండా ఉన్నాయి: 6.02 పీపీఎం దగ్గర ఓలెఫిన్ ప్రోటాన్, 4.71 దగ్గర దాని ఎల్లైలిక్ ప్రోటాన్. మధ్యలో నాలుగు బంధాలు. ఈ జే విలువ (ఒక ప్రోటాన్ గీతను రెండోది ఎన్ని హెర్ట్జ్ దూరం చీలుస్తుందో) ఖచ్చితంగా కావాలి, రెండో దశాంశం దాకా.

1డీ ప్రోటాన్: స్వీప్ విడ్త్ 6000 హెర్ట్జ్, 32కె పాయింట్లు, అక్విజిషన్ 2.73 సెకన్లు, విండో (సిగ్నల్‌ని గుణించే వక్రం) ఏమీ లేదు, 256కె దాకా జీరోఫిల్ (చివర సున్నాలు చేర్చడం). 6.02 దగ్గర డబ్లెట్ శిఖరాల మధ్య దూరం 0.96 హెర్ట్జ్.

డీక్యూఎఫ్-కోజీ (కప్లైన ప్రోటాన్లను చూపే 2డీ ప్రయోగం): నేరుగా కొలిచే అక్షం ఎఫ్2లో 4000 హెర్ట్జ్, 16కె పాయింట్లు, 2.05 సెకన్లు. క్రాస్‌పీక్ మీదుగా ఎఫ్2 స్లైస్ తీస్తే ప్లస్, మైనస్ కొనల మధ్య 1.37 హెర్ట్జ్.

రెండూ మళ్లీ మళ్లీ తీసినా అవే వస్తున్నాయి, తేడా 0.02 లోపే. కాబట్టి నాయిజ్ కాదు. హాన్ ఎకో (90 పల్స్, విరామం, 180 పల్స్, మళ్లీ అంతే విరామం) కూడా ప్రయత్నించాను, ప్రోటాన్లన్నిటినీ తిప్పే మామూలు హార్డ్ 180తో. మొత్తం ఎకో సమయం 300 మిల్లీసెకన్లు దాటితే 6.02 పీక్ ఏ ఫేజ్ కరెక్షన్‌కూ లొంగడం లేదు. అది పారేయాల్సిన డేటానా, పనికొచ్చేదా?

ఇంకొకటి. మరో శాంపిల్‌లో ఒక సీహెచ్2 నాలుగు గీతలుగా వస్తోంది: 1257.1, 1244.7, 1235.3, 1222.9 హెర్ట్జ్. లోపలి రెండూ ఎత్తు, బయటి రెండూ పొట్టి. రెండు ప్రోటాన్ల షిఫ్ట్ తేడా ఎంత అని రాయాలి?

---

నిశి

0.96 కూడా తప్పే, 1.37 కూడా తప్పే. అసలు విలువ రెండింటి మధ్య ఉంది. రెండు శిఖరాల మధ్య దూరం జే అవ్వాలంటే గీత వెడల్పు జే కంటే బాగా తక్కువ ఉండాలి. మీరు వెడల్పు రాయలేదు గానీ, ఈ రెండు అంకెలను బట్టి సగం ఎత్తు దగ్గర 1.5 హెర్ట్జ్ ఉంటుందని లెక్క తేలుతోంది.

ఇన్‌ఫేజ్ డబ్లెట్‌లో (1డీలో లాగా రెండు గీతలూ ఒకే గుర్తుతో) ఒక గీత తోక రెండో గీత శిఖరాన్ని తనవైపు లాగుతుంది. రెండు శిఖరాలూ దగ్గరికి జరుగుతాయి, జే తక్కువగా కనిపిస్తుంది. లోరెంజియన్ గీతలైతే జే విలువ వెడల్పులో 0.577 వంతుకు పడిపోగానే డబ్లెట్ ఒకటే పీక్‌గా కలిసిపోతుంది. యాంటీఫేజ్‌లో (కోజీ స్లైస్‌లో లాగా ఒక గీత ప్లస్, ఒకటి మైనస్) వ్యవహారం తలకిందులు. మధ్యలో ప్లస్, మైనస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన కొనలు బయటికి జరుగుతాయి. జే సున్నాకి ఎంత దగ్గరైనా ఆ కొనల దూరం వెడల్పులో 0.577 వంతు కంటే తగ్గదు. అంటే 1.5 హెర్ట్జ్ వెడల్పు గీతకి కోజీ స్లైస్‌లో 0.87 కంటే చిన్న "జే" కనిపించడమే అసాధ్యం.

వెడల్పు తెలిస్తే ఇన్‌ఫేజ్ దూరం నుంచి జే నేరుగా తీయొచ్చు:

క = (దూరం ÷ వెడల్పు)²
చ = [(2 + క) + √((2 + క)² + 3క²)] ÷ 3
జే = వెడల్పు × √(చ − 1)

మీ అంకెలు వేస్తే క = 0.41, చ = 1.64, జే = 1.20. అదే 1.20, అదే 1.5 వెడల్పు పెట్టి యాంటీఫేజ్ ఆకారం గీస్తే కొనల దూరం సరిగ్గా 1.37 వస్తుంది. రెండు కొలతలూ ఒకే జే దగ్గర కలుస్తున్నాయి కాబట్టి అసలు విలువ 1.2 చుట్టుపక్కలే ఉందని ధైర్యంగా అనుకోవచ్చు. రెండో దశాంశం దాకా మాత్రం ఈ లెక్కతో వెళ్లకండి. గీత శుద్ధ లోరెంజియన్ అయితేనే ఇది నిలుస్తుంది. గాసియన్ ఆకారమైతే డబ్లెట్ కలిసిపోయే హద్దు 0.577 కాదు, 0.849. గాసియన్ విండో వేసిన స్పెక్ట్రానికి పై సూత్రం వాడితే అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు.

ఎఫ్2లో 16కె పాయింట్లు పెట్టడం మంచి పని. మామూలు కోజీ సెట్టింగ్‌లో 2కె పాయింట్లతో 4000 హెర్ట్జ్ తీస్తే అక్విజిషన్ 0.256 సెకన్లే. దాని మీద సైన్‌బెల్ వేసి, ఎంత జీరోఫిల్ చేసినా, ఆ స్లైస్‌లో కొలిచేది విండో వెడల్పునే.

టీఎంఎస్ (సున్నా పీపీఎం రిఫరెన్స్) గీత వెడల్పు ఎంతో చెప్పండి. దాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో తేలుతుంది.

---

పల్స్90

6.02 దగ్గర ఫిట్ చేస్తే వెడల్పు 1.5, టీఎంఎస్ 1.4 హెర్ట్జ్. టీఎంఎస్‌కి రెండు పక్కలా 3.3 హెర్ట్జ్ దూరంలో చిన్న బుడిపెలు కూడా ఉన్నాయి, షిమ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం) సరిగా లేదనుకుంటా. శాంపిల్ 400 మైక్రోలీటర్లు. ట్యూబ్‌ని తిప్పడం లేదు.

---

జడ్2

ఆ బుడిపెలు షిమ్ తప్పు కాదు. సిలికాన్-29 శాటిలైట్లు. సహజంగా 4.7 శాతం సిలికాన్ ఆ ఐసోటోపే, ప్రోటాన్‌తో దాని కప్లింగ్ 6.6 హెర్ట్జ్, అందుకే చెరో పక్క 3.3. షిమ్ చేసి వాటిని పోగొట్టాలని చూడకండి, పోవు. గీత ఆకారం బాగుందో లేదో చూడటానికి అవే మంచి గుర్తు.

టీఎంఎస్ కూడా 1.4 ఉందంటే మీ వెడల్పులో ఎక్కువ భాగం అణువుది కాదు, క్షేత్రంలోని అసమానత్వానిది. 400 మైక్రోలీటర్లు 5 మి.మీ. ట్యూబ్‌లో దాదాపు 29 మి.మీ. ఎత్తే వస్తుంది. ద్రవం పై అంచు, ట్యూబ్ అడుగు రెండూ కాయిల్‌కి దగ్గరైపోయి, అక్కడి ససెప్టిబిలిటీ మార్పు జడ్ షిమ్‌లన్నిటినీ (ట్యూబ్ పొడవునా క్షేత్రాన్ని సరిచేసే జడ్1, జడ్2 వగైరా) పాడుచేస్తుంది. 600 మైక్రోలీటర్లకి పెంచండి, 43 మి.మీ. వస్తుంది. డెప్త్ గేజ్‌లో ద్రవం మధ్యభాగాన్ని కాయిల్ మధ్యకి పెట్టండి. తేలే నలకలుంటే దూది పెట్టిన పాశ్చర్ పిపెట్‌లోంచి వడకట్టండి.

తర్వాత గ్రేడియంట్ షిమ్, ఆపైన చేత్తో. టీఎంఎస్ ఒక పక్కకే వాలితే జడ్2, జడ్4 చూడాలి. రెండు పక్కలా సమానంగా అడుగు వెడల్పైతే జడ్1, జడ్3, జడ్5. జడ్3 కదిపిన ప్రతిసారీ జడ్1 మళ్లీ సరిచేయాలి, లేకపోతే బాగుపడినా చెడినట్టే కనిపిస్తుంది. లాక్ (డ్యుటీరియం సిగ్నల్‌తో క్షేత్రాన్ని నిలిపి ఉంచేది) లెవెల్ ఒక్కటే చూసి షిమ్ చేస్తే 0.8 దగ్గర ఆగిపోతారు. ఎఫ్‌ఐడీ (కాలంతో తగ్గిపోయే ముడి సిగ్నల్) తోక చూస్తూ చేయండి.

వెడల్పు 0.5 హెర్ట్జ్‌కి వస్తే 1.20 డబ్లెట్ శిఖరాల దూరం 1.196 వస్తుంది. సూత్రం అక్కర్లేదు, నేరుగా చదువుకోవచ్చు. అక్విజిషన్ మాత్రం 5 సెకన్లకి పెంచండి.

డీ2ఓలో ఇలాంటి కొలతలు చేసేవాళ్లకి ఒక మాట: నీటి షిఫ్ట్ డిగ్రీకి సుమారు 0.01 పీపీఎం జరుగుతుంది, లాక్ ఆ నీటినే పట్టుకుని ఉంటుంది. ఉష్ణోగ్రత 0.1 డిగ్రీ ఊగితే 400 మీద మిగతా గీతలన్నీ 0.4 హెర్ట్జ్ ఊగుతాయి. అనేక స్కాన్లు కలిపినప్పుడు అది వెడల్పుగా కనిపిస్తుంది, ఏ షిమ్‌కీ లొంగదు.

---

స్పిన్ వాకర్

షిమ్ సలహా సరైనదే, కానీ అందరికీ 0.5 దొరకదు. గీత వెడల్పు నిజంగా టీ2 (అణువు సొంత సిగ్నల్ క్షీణించే కాలం) వల్లే వస్తుంటే షిమ్ ఏమీ చేయలేదు. మీరు పారేద్దామనుకున్న ఎకో డేటానే అసలు సరుకు.

హార్డ్ 180 రెండు స్పిన్లనూ తిప్పేస్తుంది. షిఫ్ట్, క్షేత్ర అసమానత్వం రీఫోకస్ అవుతాయి, జే అవ్వదు. మొత్తం ఎకో సమయం టీ అనుకుంటే ఇన్‌ఫేజ్ భాగం కాస్(3.1416 × జే × టీ)గా తగ్గుతుంది, మిగతాది యాంటీఫేజ్ అయి డిస్పర్సివ్‌గా (ప్రతి గీతా ఒక పక్క ప్లస్, ఇంకో పక్క మైనస్‌గా) వస్తుంది. మీ ఫేజ్ లొంగకపోవడానికి కారణం అదే. ఇది కొత్తగా కనిపెట్టిన కిటుకేమీ కాదు. 1951లో హాన్, మాక్స్‌వెల్ ఈ కప్లింగ్‌ని గమనించిందే ఎకోల ఎత్తు ఇలా ఊగుతుంటే.

టీ2 ప్రభావాన్ని విడదీయడానికి ప్రతి టీకీ రెండు ప్రయోగాలు కావాలి.

జే ఉన్నది: ఎకో మధ్యలో 6.02 మీద ఒక సెలెక్టివ్ 180 (ఆ ఒక్క పీక్‌నే తిప్పేది), అదే సమయంలో 4.71 మీద ఇంకొక సెలెక్టివ్ 180.

జే లేనిది: 6.02 మీద అదే పల్స్, రెండో పల్స్‌ని ఏ పీక్ లేని చోటికి జరపాలి. 4.71 తిరగదు కాబట్టి జే కూడా రీఫోకస్ అవుతుంది.

మొదటి దాని ఇంటిగ్రల్‌ని రెండో దానితో భాగిస్తే టీ2, పల్స్ నష్టాలు, డిఫ్యూజన్ అన్నీ కొట్టుకుపోయి కాస్ ఒక్కటే మిగులుతుంది. రెండో పల్స్‌ని తీసేయకుండా జరపమన్నది అందుకే, అన్నీ సమానంగా ఉండాలి. ఎత్తు కొలవకండి, డబ్లెట్ మొత్తాన్నీ ఇంటిగ్రేట్ చేయండి. యాంటీఫేజ్ భాగం ఇంటిగ్రల్ సున్నా, అది అడ్డం రాదు. ఫేజ్ మాత్రం జే లేని స్పెక్ట్రంలో ఒకసారి సరిచేసి, అదే విలువలు రెండో దానికీ పెట్టాలి. ఆటోఫేజ్ వాడితే ఇక్కడే మునుగుతారు.

పల్స్ లెక్క: మీ షిఫ్ట్ తేడా 524 హెర్ట్జ్, 30 మిల్లీసెకన్ల గాసియన్ ధారాళంగా సరిపోతుంది. 1 శాతం దగ్గర తెగ్గొట్టిన గాసియన్ వైశాల్యం చతురస్ర పల్స్‌లో 0.41 వంతు, కాబట్టి 180కి శిఖర బలం 1 ÷ (2 × 0.030 × 0.41), సుమారు 41 హెర్ట్జ్. హార్డ్ 90 పది మైక్రోసెకన్లైతే అది 25 కిలోహెర్ట్జ్, అంటే 56 డెసిబెల్స్ కిందికి దిగాలి. అక్కడి నుంచి అర డెసిబెల్ చొప్పున అటూ ఇటూ జరిపి సరిచూసుకోండి. 180కి రెండు పక్కలా ఒకే బలం, ఒకే దిశలో 1 మిల్లీసెకన్ గ్రేడియంట్లు పెట్టండి, 180 సరిగా తిప్పనిది చెల్లాచెదురైపోతుంది. టీలో పల్స్ పొడవు కూడా కలుస్తుంది.

ఎక్కువగా చెడేది 4.71 ఇన్వర్షన్ దగ్గర. 95 శాతం స్పిన్లే తిరిగితే నిష్పత్తి సున్నా కావాల్సిన చోట 0.05 మిగిలి, జే 3 శాతం తక్కువ వస్తుంది. ముందుగా ఆ పల్స్ ఒక్కటే వేసి, గ్రేడియంట్, వెంటనే హార్డ్ 90 కొట్టి చూడండి. 95 శాతం తిరుగుడు అంటే పీక్ మైనస్ 0.90 అన్నమాట. మైనస్ 0.98 దాటేదాకా ముందుకు వెళ్లొద్దు.

టీ విలువలు 200 నుంచి 600 మిల్లీసెకన్ల దాకా ఐదు తీయండి. 1.2కి సున్నా దాటేది 417 దగ్గర. 100 లోపు విలువలతో ఉపయోగం లేదు, కాస్ అక్కడ చదునుగా ఉంటుంది, నిష్పత్తిలో 0.01 పొరపాటు జేలో పెద్దదైపోతుంది.

సీపీఎంజీతో (వరసగా 180లు కొట్టే ఎకో) ఇది చేయాలనుకునేవాళ్లు ఆగండి. పల్స్‌ల మధ్య వ్యవధి 1 ÷ షిఫ్ట్ తేడాతో పోల్చదగినంత చిన్నదైతే ఆ రెండు స్పిన్లూ బలంగా కప్లైనట్టు ప్రవర్తిస్తాయి, మాడ్యులేషన్ నలిగిపోతుంది. టీ2 కొలిచేవాళ్లకి అది వరం, జే కొలిచేవాళ్లకి కాదు.

---

పల్స్90

600 మైక్రోలీటర్లు, మళ్లీ షిమ్: టీఎంఎస్ 0.45, 6.02 గీత 0.5. 1డీలో ఇప్పుడు 1.20.

ఎకో నిష్పత్తులు: 200 దగ్గర 0.74, 300 దగ్గర 0.45, 400 దగ్గర 0.10, 500 దగ్గర −0.26, 600 దగ్గర −0.58. ఇన్వర్షన్ మైనస్ 0.99. వీటిలోంచి జే తీస్తే అన్నీ 1.16 నుంచి 1.17. సున్నా దాటేది 428 మిల్లీసెకన్ల దగ్గర. 1.20 ఎందుకు రావడం లేదు?

---

స్పిన్ వాకర్

అన్నీ ఒకే వైపు, ఒకే మోతాదులో తగ్గాయి. నాయిజైతే అలా ఉండదు. ఇన్వర్షన్ 0.99 కాబట్టి అదీ కాదు. మిగిలింది యాంటీఫేజ్ రిలాక్సేషన్.

ఇన్‌ఫేజ్ సిగ్నల్ 6.02 టీ2తోనే చస్తుంది. యాంటీఫేజ్‌లో 4.71 స్పిన్ జడ్ స్థితి కూడా భాగస్వామి, కాబట్టి దాని టీ1 (జడ్ దిశలో సమతౌల్యానికి తిరిగివచ్చే కాలం) కూడా తోడై ఇంకాస్త వేగంగా చస్తుంది. సున్నా దగ్గర ఈ తేడా కొట్టుకుపోదు, నిష్పత్తిని కొంచెం ప్లస్ వైపు నెడుతుంది. సున్నా దాటడం ఆలస్యమవుతుంది, జే తక్కువగా కనిపిస్తుంది.

సవరణ సులువు. సున్నా దాటే టీ నుంచి 1 ÷ (2 × టీ) తీసి, దానికి 0.1 ÷ టీ1 కలపండి. ఇక్కడ టీ1 రెండో స్పిన్‌ది, 4.71ది. 428 మిల్లీసెకన్లకి మొదటి భాగం 1.168. 1.20 రావాలంటే టీ1 సుమారు 3 సెకన్లు ఉండాలి. ఆక్సిజన్ తీయని చిన్న అణువుకి అది నమ్మదగ్గ అంకే. ఊహించి వదిలేయకండి, కొలవండి: 4.71ని అదే సెలెక్టివ్ పల్స్‌తో తిప్పి, వ్యవధి పెంచుతూ పోతే టీ1 3 సెకన్లైనప్పుడు పీక్ 2.1 సెకన్ల దగ్గర సున్నా అవుతుంది. స్కాన్ల మధ్య 15 సెకన్లు ఇవ్వండి. ఇలాంటి చిన్న అణువులో హార్డ్ 180తో కొలిచిన టీ1 సాధారణంగా తక్కువ వస్తుంది, ఈ సవరణకి సెలెక్టివ్‌దే కావాలి.

ఇంకో సంగతి, ఇదంతా పరిమాణమే. కాస్‌కి గుర్తు తెలియదు, డబ్లెట్‌కీ తెలియదు. ఎల్లైలిక్ కప్లింగ్ చాలాసార్లు నెగటివ్ కాబట్టి మీది −1.20 అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ రెండే స్పిన్లున్న చోట దాన్ని నిరూపించలేరు. రెండింటితోనూ కప్లైన మూడో స్పిన్ ఉండాలి, అది కార్బన్-13 అయినా సరే. అప్పుడు ఈ-కోజీ రకం క్రాస్‌పీక్ ఏ వైపు వాలిందో చూసి సాపేక్ష గుర్తు చెప్పొచ్చు.

---

గీతకారుడు

నాలుగు గీతల ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

అది ఏబీ (షిఫ్ట్ తేడా జేతో పోల్చదగ్గంత చిన్నదైన రెండు ప్రోటాన్ల జంట). గీతలకి ఎడమ నుంచి 1, 2, 3, 4 అని పేరు పెట్టండి. జే = 1వది − 2వది = 3వది − 4వది = 12.4 హెర్ట్జ్. ఇందులో చిక్కు లేదు. షిఫ్ట్ తేడా కోసం రెండు డబ్లెట్ల మధ్యబిందువులు తీసుకుంటే 21.8 వస్తుంది, అది తప్పు. సరైనది √[(1 − 4) × (2 − 3)], అంటే √(34.2 × 9.4) = 17.9 హెర్ట్జ్. 400 మీద 0.045 పీపీఎం.

మీ గీతలు నిజంగా ఏబీవేనా అని ఎత్తులతో సరిచూడండి. లోపలి గీతకీ బయటి గీతకీ ఇంటిగ్రల్ నిష్పత్తి 34.2 ÷ 9.4, అంటే 3.6 రావాలి. రాకపోతే కింద ఏదో మలినం దాక్కుంది, లేదా మూడో స్పిన్ కలగజేసుకుంటోంది. మూడోది ఉంటే అది ఏబీఎక్స్. అప్పుడు ఎక్స్ గీతల్లో కనిపించే దూరాలు ఒక్కో కప్లింగ్ విలువలు కావు, బయటి రెండు బలమైన గీతల దూరం రెండు కప్లింగ్‌ల మొత్తం మాత్రమే. దాన్ని రెండుతో భాగించి "జే" అని పట్టికలో రాసేవాళ్లు చాలామంది.

పైన చెప్పిన ఎకో పద్ధతి ఈ సీహెచ్2కి వాడకండి. 18 హెర్ట్జ్ దూరంలో ఒక ప్రోటాన్‌ని వదిలేసి రెండోదాన్ని తిప్పే పల్స్ వందల మిల్లీసెకన్ల పొడవు కావాలి, అప్పటికి జే ఎన్నో చుట్లు తిరిగేస్తుంది. హార్డ్ 180 వేసినా మాడ్యులేషన్ ఉత్త కాస్ కాదు, షిఫ్ట్ తేడా కూడా అందులో కలుస్తుంది. 2డీ జే-రిజాల్వ్డ్‌లో సరిగ్గా ఈ కారణంగానే రెండు షిఫ్ట్‌ల నడిమధ్యన లేని పీక్‌లు పుడతాయి, వాటిని మూడో ప్రోటాన్ అనుకోవద్దు. షిఫ్ట్ తేడా జేకి పదింతలు దాటితేనే ఆ సూత్రాలు నమ్మండి. మీ మొదటి జంట 524కి 1.2, బెంగ లేదు. ఇది 17.9కి 12.4. 600 యంత్రం మీదికి తీసుకెళ్లినా షిఫ్ట్ తేడా 27 అవుతుంది, జే అలాగే ఉంటుంది, ఇంకా ఏబీనే. స్పిన్ సిమ్యులేషన్ ప్రోగ్రాంలో 12.4, 17.9 తొలి విలువలుగా ఇచ్చి, గీత వెడల్పుని కూడా వదిలి, మొత్తం ఆకారాన్ని ఫిట్ చేయండి. విండో వేయని ఎఫ్‌ఐడీ నుంచే.